చెవిలో ఏమీ పెట్టొద్దన్నారు: బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్స్ వాడుతున్నవాళ్లు చెప్పండి

పటమటలంక

నమస్కారం అండీ. కుడి చెవిలో ఫంగస్ రావడం ఈ ఏడాదిలో ఇది మూడోసారి. ముందు దురద, తర్వాత దిబ్బడ, ఆ తర్వాత రాత్రిళ్లు నిద్ర పట్టనంత పోటు. ఈసారి ఈఎన్‌టీ డాక్టరుగారు చెవి శుభ్రం చేసి, చుక్కలు రాసి, "మీరు వాడే ఇయర్‌బడ్స్ ఉంటే చూపించండి" అన్నారు. బ్యాగులోంచి తీసి ఇచ్చాను. రబ్బరు టిప్ ఊడదీసి టిష్యూతో తుడిస్తే టిష్యూ తడిసింది. మన ఎండకీ ఉక్కకీ చెవిలో చెమట ఆరే దారి లేకుండా బిరడా బిగిస్తున్నారని, తగ్గాక కూడా చెవి లోపలికి ఏదీ పెట్టొద్దని గట్టిగా చెప్పారు.

కానీ ఏమీ వినకుండా రోజు గడపడం నావల్ల కాదు. పొద్దున ఆకాశవాణి భక్తిరంజనితో మొదలు. గుంటూరు ఆఫీసుకి బస్సులో రానూ పోనూ కథలు, ఇంటర్వ్యూలు. ఇంటికొచ్చి వంట చేస్తూ మళ్లీ. పక్క గదిలో అత్తయ్యగారు మంచం మీద ఉన్నారు, పిలిస్తే నాకు వినపడాలి. ఒకరోజు రెండు చెవులకీ బడ్స్ పెట్టుకుని ఉన్నాను. ఆవిడ మంచినీళ్ల కోసం మూడుసార్లు పిలిచి, చివరికి తనే లేవబోయారు. సమయానికి మా అబ్బాయి పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఒక్క చెవికే పెట్టుకుంటున్నాను. ఆ ఒక్కటే కుడి చెవి.

చెవి బయట పెట్టుకుని, చెంప ఎముక అదురు ద్వారా వినిపించే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్స్ ఉన్నాయని ఆఫీసులో ఒకబ్బాయి చెప్పాడు. బస్సులో వినపడతాయా? కళ్లజోడుతో కుదురుతాయా? ఫోన్ మాట్లాడితే అవతలివాళ్లకి సరిగ్గా వినపడుతుందా? ఆన్‌లైన్‌లో 1,500కీ ఉన్నాయి, దానికి పదింతలు పెట్టి కొనేవీ ఉన్నాయి. తేడా ఏంటో అర్థం కావడం లేదు.

బ్యారేజీ పరుగు

మేడమ్, నేను మూడేళ్లుగా షాక్స్ ఓపెన్‌రన్ వాడుతున్నాను. ముందు ఆ కంపెనీ పేరు ఆఫ్టర్‌షాక్స్, 2021 చివర్లో షాక్స్ అని మార్చారు. పాత వీడియోల్లో పాత పేరు కనపడితే వేరే కంపెనీ అనుకోకండి.

రోజూ కృష్ణలంకలో మొదలుపెట్టి ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వరకూ పరిగెత్తి వస్తాను. బ్యారేజీ 1,223 మీటర్లు. అంతసేపూ వెనక నుంచి బళ్లు వస్తూనే ఉంటాయి. ఇయర్‌బడ్స్ పెట్టుకున్న రోజుల్లో బండి పక్కకి వచ్చాకే తెలిసేది. ఇప్పుడు వెనకాల ఆటో గేరు మార్చినా తెలుస్తోంది. నేను డబ్బు పెట్టింది దానికే. పాట బాగుండటానికి కాదు.

ఎలా వినపడుతుందంటారా? పక్క బల్ల మీద చిన్న రేడియో పెట్టినట్టు ఉంటుంది. మాటలు స్పష్టంగా వస్తాయి. వాయిస్ మరీ పెంచితే చెంప మీద చక్కిలిగింతలా అదురుతుంది, కొందరికి అది నచ్చదు. నాకు వారంలో అలవాటైంది.

బస్సు గురించి మాత్రం నిజం చెప్పాలి. కిటికీలు మూసి ఉండే ఏసీ బస్సులో ఫర్వాలేదు. పల్లెవెలుగులో కాజ టోల్‌గేటు దాటాక డ్రైవరు వేగం అందుకుంటే, కిటికీలోంచి గాలి కొడుతుంటే, కథ చెప్పేవాళ్ల గొంతు మధ్యమధ్యలో ముక్కలై పోతుంది. చెవి తెరిచి ఉన్నప్పుడు బయట చప్పుడంతా లోపలికి వస్తుంది కదా. అందరూ ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోమంటారు. మీకు ఆ దారి లేదు.

యార్డు గుమస్తా

అక్కా, ఆ 1,500 వాటి జోలికి మాత్రం పోకండి. నేను పోయాను.

నా పని మిర్చి యార్డులో. పొద్దున్నే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దిగుతుంటాయి, లాట్లు చూస్తూ, చీటీలు రాస్తూ, అదే సమయంలో వ్యాపారితో ఫోన్ మాట్లాడాలి. చేతికి కారం అంటి ఉంటుంది, ఆ చేత్తో చెవి ముట్టుకుంటే ఇక ఆ పూట అంతే. అందుకే చెవిలో పెట్టనివి కావాలని ఆన్‌లైన్‌లో వెతికి ఒకటి తెప్పించాను. పెట్టె మీద బోన్ కండక్షన్ అని పెద్ద అక్షరాలతో ఉంది. వారం రోజులు అదే నమ్మాను.

ఒకరోజు మా షాపులో తమ్ముడు తన హెడ్‌ఫోన్స్ తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. నాదానికి చెవి వైపు సన్నటి జాలీ ఉంది, లోపల చిన్న స్పీకరు. వాడిదానికి ఆ జాలీ లేదు, చెంపకి ఆనే మెత్తటి దిమ్మ మాత్రమే ఉంది. అప్పుడు వాడొక పరీక్ష చెప్పాడు. అందరూ చెయ్యదగ్గది, అందుకే వివరంగా రాస్తున్నా.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరైనా మాట్లాడే క్లిప్ తక్కువ వాయిస్‌లో పెట్టాలి. చెవి రంధ్రం ముందు చిన్న తలుపులా ఉంటుందే, దాన్ని వేలితో లోపలికి నొక్కి రెండు చెవులూ మూసెయ్యాలి. అసలైనదైతే మాట ఆగదు, ఇంకా గట్టిగా, ఇంకా బరువుగా వినపడుతుంది. స్పీకరు రకమైతే గొంతు అక్కడికక్కడే తగ్గిపోతుంది. వాడిది పెట్టుకుని చెవులు మూస్తే తల మధ్యలో ఎవరో కూర్చుని మాట్లాడినట్టుంది. నాది పెట్టుకుని మూస్తే ఏమీ లేదు. అమ్మినవాళ్లకి వీడియో పంపాను, వెనక్కి తీసుకునే గడువు అయిపోయిందన్నారు.

మీరు షాపులో కొనండి. కొనే ముందు అక్కడే నిలబడి చెవులు మూసి చూడండి. ఎవరేమనుకున్నా పట్టించుకోవద్దు.

తంబూర శ్రుతి

నేను గాత్రం నేర్చుకుంటున్నాను. సంగీతం కోసం వీటిని కొనేవాళ్లు ఒకసారి ఆగండి. గొంతు వస్తుంది, వయొలిన్ వస్తుంది. తంబూరలో మంద్ర షడ్జమం, అంటే కింది స, దాదాపు మాయం. మృదంగం కుడివైపు వలంతల మీద చాపు దెబ్బ వినపడుతుంది కానీ, ఎడమవైపు తొప్పి మీద బరువైన గుంకి వేసినచోట చెంప మీద చిన్న అదురు తగులుతుంది తప్ప నాదం రాదు. వినాల్సినది ఒంటికి తగిలితే ఏం లాభం?

విచిత్రం ఏంటంటే, పైన గుమస్తాగారు చెప్పినట్టు రెండు అరచేతులతో చెవులు మూసుకుంటే ఆ గుంకి మొత్తం తిరిగి వస్తుంది. అలా చేతులు పెట్టుకుని కచేరీ వినలేం కదా. పాఠం వినడానికి, గురువుగారు పంపిన రికార్డింగ్‌తో కలిపి పాడటానికి మాత్రం ఇవి చాలా బాగున్నాయి. నా గొంతు నాకు మామూలుగానే వినపడుతుంది, శ్రుతి తప్పితే వెంటనే తెలుస్తుంది. బడ్స్ పెట్టుకుని పాడితే అది కుదరదు.

బ్రాడీపేట ఆడియాలజీ

వినికిడి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను. మీరు రాసినవాటిలో చాలావరకు నిజమే. అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎవరికి ఏది సరిపోతుందో మీకే తెలుస్తుంది.

ఒక జంతిక కొరకండి. మీ తలంతా కరకరలాడుతుంది, పక్కన కూర్చున్నవాళ్లకి అది చిన్న చప్పుడే. మీరు విన్నదానిలో ఎక్కువ భాగం గాలిలోంచి రాలేదు. దవడ ఎముక, పుర్రె ఎముకల మీదుగా నేరుగా లోపలి చెవికి పోయింది. అక్కడ నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా ఉంటుంది. శబ్దాన్ని నరానికి అందించేది అదే. మామూలుగా అయితే గాలిలో వచ్చే అల చెవి కాలువలోంచి వెళ్లి కర్ణభేరిని కదిలిస్తుంది, దాని వెనక ఉన్న మూడు బుల్లి ఎముకలు ఆ కదలికని కాక్లియాకి చేరుస్తాయి. బోన్ కండక్షన్ ఈ ముందు దారిని వదిలేసి పెరటి దారిన అదే ఇంటికి వెళ్తుంది. రికార్డింగ్‌లో మన గొంతు మనది కానట్టు ఉండటానికి కారణం కూడా ఇదే. మాట్లాడేటప్పుడు ఎముక దారిన వచ్చే బరువు రికార్డింగ్‌లో ఉండదు.

రెండు దారులూ ఒకే ఇంటికి చేరతాయనడానికి పాత ప్రయోగం ఉంది. గాలి ద్వారా ఒక స్వరం, ఎముక ద్వారా అదే స్వరం సరిగ్గా ఎదురయ్యేలా పంపితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని నిశ్శబ్దం మిగులుతుందని 1932లో బెకేషీ అనే శాస్త్రవేత్త చూపించారు. కాక్లియా మీద చేసిన పరిశోధనలకే ఆయనకి 1961లో నోబెల్ వచ్చింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 'చెవికి తగలదు కాబట్టి ఎంత పెంచినా చెవి పాడవదు' అని షాపుల్లో చెప్తున్నారు. అది తప్పు. దెబ్బతినేది కాక్లియా. శబ్దం ఏ దారిన వచ్చినా దాని మీదే పడుతుంది. 80 డెసిబెల్స్ వరకు వారానికి 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా వేగంగా తగ్గిపోతాయి. బస్సు హోరుని దాటి వినాలని వాయిస్ చివరిదాకా పెంచడమే వీటితో వచ్చే పెద్ద ప్రమాదం.

పటమటలంక గారూ, మీ కర్ణభేరి బాగానే ఉందని డాక్టరుగారు చెప్పారా? బాగుంటే మీకు బోన్ కండక్షనే కావాలని లేదు. చెవి రంధ్రం మూయకపోవడమే మీ అవసరం. గుమస్తాగారు వద్దన్న స్పీకరు రకం ఉంది చూశారూ, ఓపెన్ ఇయర్ అని నిజాయితీగా పేరు పెట్టి అమ్మే మంచి కంపెనీలవి కూడా మీకు పనికొస్తాయి. వాటిలో సంగీతం ఇంకాస్త నిండుగా ఉంటుంది. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లకి, చెవి ఆపరేషన్ అయినవాళ్లకి బోన్ కండక్షన్ అసలైన మేలు చేస్తుంది. గుమస్తాగారి బాధ వేరే. ఒకటి చెప్పి ఇంకొకటి అమ్మారు.

యార్డు గుమస్తా

అర్థమైంది మేడమ్. స్పీకరు రకం చెడ్డదని కాదు, పేరు మార్చి అమ్మడం నాకు నచ్చలేదు.

నేను ఇప్పుడు అసలైనవే వాడుతున్నా. యార్డుకి బండి మీద వెళ్లేటప్పుడు హెల్మెట్ లోపల పెట్టుకుంటున్నాను. చెవులు తెరిచే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు కదా?

బ్యారేజీ పరుగు

తమ్ముడూ, బండి మీద వద్దు. హెల్మెట్ లోపలి స్పాంజి ఆ దిమ్మని కణతకి నొక్కుతుంది. పడితే అది నీ తలకీ హెల్మెట్‌కీ మధ్య గట్టి ముక్క. ఇంకోటి, చెవి తెరిచి ఉన్నా మనసు అటే ఉంటుంది. బెంజి సర్కిల్ దగ్గర సర్వీసు రోడ్డులో ఫోన్ మాట్లాడుతూ నడిచి వస్తూ, హారన్ చక్కగా వినపడినా అది నాకోసమని తట్టక ఒకసారి బండికి అడ్డం పోయాను. నడిచేవాడి పరిస్థితే అలా ఉంటే బండి నడిపేవాడి సంగతి ఆలోచించు.

ఆటోనగర్ లేత్

మా షెడ్డులో లేతులు, గ్రైండర్లు. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని పైన ఇవి పెట్టుకుంటాను. ప్లగ్ ఉంటే బేస్ కూడా అదిరిపోతుంది. బయట గ్రైండర్ చప్పుడు తగ్గుతుంది, పాట పెరుగుతుంది. ఆడియాలజీ మేడమ్, ఇందులో తప్పేమైనా ఉందా?

బ్రాడీపేట ఆడియాలజీ

ప్లగ్స్ పెట్టుకుంటున్నందుకు సంతోషం. చాలామంది పెట్టుకోరు, నలభై దాటకముందే నా దగ్గరికి వస్తారు. చెవి మూసినప్పుడు ఎముక దారిన వచ్చే మంద్ర శబ్దాలు బయటికి పోలేక లోపలే పోగవుతాయి. మీకు బేస్ పెరిగినట్టు అనిపించేది అందుకే. కాబట్టి ప్లగ్ ఉన్నప్పుడు వాయిస్ బాగా తగ్గించండి. ప్లగ్స్‌తో మీరు తగ్గించిన చప్పుడుని పాటతో మళ్లీ నింపకండి. ఇంకో మాట. ప్లగ్, పైన పాట, రెండూ ఉంటే పక్కవాడి కేక వినపడదు. తిరిగే మెషిన్ ముందు నిలబడి ఉన్నంతసేపూ పాట వద్దు, టీ తాగేటప్పుడు వినండి.

ఆటోనగర్ లేత్

సరే మేడమ్. పోయిన నెల మా కుర్రాడు వెనక నుంచి అరిచినా వినపడలేదు, భుజం తట్టాల్సొచ్చింది. మీరు చెప్పాక అదే గుర్తొచ్చింది.

గాంధీనగర్ ఈత

నీళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. ఓపెన్‌రన్‌కి ఐపీ67 ఉంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదు. అది చూసి పూల్లో దిగాను. తల మునగగానే పాట ఆగిపోయింది, తేలగానే వచ్చింది. పాడైపోయిందనుకున్నాను. కాదు, బ్లూటూత్ తరంగం నీళ్లలో కొద్ది సెంటీమీటర్లు కూడా సరిగా పోదు. ఈత కోసమైతే పాటలు లోపలే దాచుకునేది కావాలి. అదే కంపెనీ ఓపెన్‌స్విమ్‌లో 4 జీబీ ఉంటుంది, తర్వాత వచ్చిన ప్రోలో 32 జీబీ, బ్లూటూత్ కూడా ఉంది. నీళ్లలో చెవి మూసుకుపోతుంది కాబట్టి గట్టు మీద కంటే బాగా వినపడుతుంది.

పటమటలంక గారు మాత్రం ఫంగస్ పూర్తిగా తగ్గేదాకా పూల్ వైపు రాకండి.

మాస్టారు గుంటూరు

నమస్కారం. నాకు 71 ఏళ్లు. కొత్తపేటలో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఎడమ చెవి చిన్నప్పటి నుంచి చీము కారేది, అందులో వినికిడి ఎప్పుడూ తక్కువే. నాలుగేళ్లుగా కుడి చెవి కూడా మందగించింది. మనవరాలు వీడియోలో మాట్లాడుతుంది, పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నాను. అది నవ్వితే నేనూ నవ్వుతాను, ఎందుకు నవ్విందో తెలియదు. చెవి మిషన్ అంటే ఇంట్లో ఖరీదు గురించి ఆలోచిస్తున్నారు. ఈ హెడ్‌ఫోన్స్ కొనుక్కుంటే చెవి మిషన్ అక్కర్లేదా అమ్మా?

బ్రాడీపేట ఆడియాలజీ

మాస్టారూ, నమస్కారం. కొనకముందు పరీక్ష చేయించుకోండి, ఇది నా ప్రార్థన. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో ఈఎన్‌టీ విభాగానికి వెళ్లినా సరే.

అక్కడ ముందుగా శ్రుతిదండంతో (ట్యూనింగ్ ఫోర్క్) చూస్తారు. మోగించి చెవి వెనక ఎముకకి ఆనిస్తారు, తర్వాత చెవి ముందు గాలిలో పెడతారు. ఏ చోట బాగా వినపడిందని అడుగుతారు. చెవి ఆరోగ్యంగా ఉంటే గాలిలోదే బాగా వినపడాలి. ఎముకకి ఆనించినప్పుడే బాగుంటే, లోపం కర్ణభేరి దగ్గరో, ఆ చిన్న ఎముకల దగ్గరో ఉంది, లోపలి చెవి పనిచేస్తోందని అర్థం. ఈ పరీక్షని రిన్నే అనే జర్మన్ వైద్యుడు 1855లో వివరించారు, నేటికీ రోజూ చేస్తున్నాం. రెండు దారుల్లోనూ ఒకేలా తక్కువగా ఉంటే లోపం కాక్లియాలోనో నరంలోనో ఉన్నట్టు. వయసుతో వచ్చేది ఎక్కువగా ఇదే. అప్పుడు పెరటి దారిన పంపినా లాభం తక్కువ, ఇంట్లో మనిషే నీరసంగా ఉన్నాడు కదా.

ఇంకో ముఖ్యమైన సంగతి. హెడ్‌ఫోన్స్ ఫోన్లో మాటని మాత్రమే మీకు అందిస్తాయి. గదిలో మీ ఎదురుగా కూర్చున్న మనిషి మాట అందులో రాదు. ఆ పని చెవి మిషన్‌దే. ఎముకకి చిన్న స్క్రూ బిగించి దాని ద్వారా వినిపించే మిషన్లు కూడా ఉన్నాయి, 1977లో స్వీడన్‌లో మొదలయ్యాయి. మీకు ఏది అవసరమో పరీక్ష తర్వాతే చెప్పగలం. చెవిలో చీము ఇప్పటికీ వస్తుంటే ముందు దానికి వైద్యం కావాలి. ఒంట్లో పేస్‌మేకర్ ఉంటే హెడ్‌ఫోన్స్‌లో అయస్కాంతం ఉంటుందని గుండె డాక్టరుగారికి చెప్పి అడగండి.

మాస్టారు గుంటూరు

పేస్‌మేకర్ లేదు. సోమవారం వెళ్తాను. మనవరాలికి కూడా చెప్పాను.

బ్యారేజీ పరుగు

పటమటలంక గారూ, మోడల్ గురించి అడిగారు. షాక్స్‌లోనే ఓపెన్‌మూవ్ ఉంది, ఒకసారి ఛార్జి చేస్తే ఆరు గంటలు వస్తుంది, మామూలు టైప్-సి ఛార్జరే, వీటిలో తక్కువ ధరది. ఇంట్లో పనికి, ఆఫీసుకి అది చాలు. నా పాత ఓపెన్‌రన్ ఎనిమిది గంటలు, 26 గ్రాములు, పెట్టుకున్నట్టే ఉండదు. కానీ దాని ఛార్జింగ్ కేబుల్ అయస్కాంతంతో అంటుకునే రకం, ఊళ్లో మరచిపోతే ఎవరి ఛార్జరూ పనికిరాదు. పెళ్లికి వెళ్లి నాలుగు రోజులు మూగదాన్ని మెడలో వేసుకు తిరిగాను. ఓపెన్‌రన్ ప్రో 2లో బేస్ కోసం చిన్న స్పీకరు కూడా కలిపారు, 12 గంటలు వస్తుంది. తంబూర శ్రుతి గారికి అది నచ్చొచ్చు. మీరు ఎక్కువగా మాటలే వింటారు కాబట్టి దానికి అంత డబ్బు పెట్టక్కర్లేదనుకుంటాను.

పెట్టుకునే తీరు మాత్రం నేర్చుకోవాలి. దిమ్మ చెవి రంధ్రం మీద కాదు, దాని ముందు, దవడ కీలుకి కాస్త పైన ఎముక మీద ఆనాలి. మాట వస్తుండగా వేలితో దాన్ని బియ్యపు గింజంత ముందుకీ వెనక్కీ జరపండి. ఒకచోట గొంతు ఒక్కసారిగా దగ్గరికి వస్తుంది. అదే మీ చోటు.

పటమటలంక (అయిదు వారాల తర్వాత)

అందరికీ ముందుగా కృతజ్ఞతలు. చెవి తగ్గింది. డాక్టరుగారు చూసి కర్ణభేరి బాగుందన్నారు, అప్పుడే షాపుకి వెళ్లాను. బీసెంట్ రోడ్డులో జనం మధ్య, షాపు గుమ్మం దగ్గర నిలబడి రెండు చెవులూ మూసుకుని విన్నాను. ఓపెన్‌మూవ్ తీసుకున్నాను. ఓపెన్ ఇయర్ రకం కూడా పెట్టి చూశాను, పాట బాగుంది. కానీ పక్కనున్న అమ్మాయి "ఆ ఇంటర్వ్యూ నేనూ విన్నానండీ" అంది. బస్సులో నా పక్కవాళ్లకి అది ఇబ్బంది కదా. ఓపెన్‌మూవ్‌లోంచి కూడా వాయిస్ పెంచితే సన్నగా బయటికి వస్తుంది, కానీ అంత కాదు.

ముందు ఇంటి సంగతి. కుక్కర్ విజిల్, పోపు చిటపట, కథ, అన్నీ ఒకేసారి వినపడుతున్నాయి. మొదటి రోజు సాయంత్రం అత్తయ్యగారు నన్ను పిలవలేదు, చిన్నగా దగ్గారు. వెళ్లి దిండు సరిచేశాను. "ఇవాళ చెవిలో పెట్టుకోలేదా?" అని అడిగారు. పెట్టుకునే ఉన్నానని చూపించాను. తనకీ పెట్టమన్నారు, పెడితే భక్తిరంజని రెండు పాటలు విని, చెంప అదురుతోందని తీసేశారు.

కళ్లజోడు: నా జోడు కాడలు సన్నవి కాబట్టి ముందు జోడు, తర్వాత హెడ్‌ఫోన్స్. చెవి మీద రెండూ పక్కపక్కన సర్దుకుంటాయి. పాత లావు ఫ్రేముతో ప్రయత్నిస్తే గంటకే చెవి వెనక నొప్పి పుట్టింది. తలనొప్పి వచ్చేవాళ్లు ఈ విషయం చూసుకోండి.

బస్సు: బ్యారేజీగారు చెప్పిందే నిజం. ఇంకో చిక్కు ఆయన చెప్పనిది ఉంది. సీటుకి తల ఆనిస్తే మెడ వెనక తీగ ముందుకి నెట్టుకొచ్చి దిమ్మలు చోటు తప్పుతాయి. కాస్త ముందుకి కూర్చోవాలి. మొదటి వారం హైవే మీద వాయిస్ పెంచి పెంచి, గుంటూరులో దిగేసరికి చెవుల్లో సన్నటి గీ అని మోత. భయమేసింది. ఆడియాలజీ మేడమ్ రాసింది మళ్లీ చదువుకున్నాను. ఇప్పుడు బస్టాండులో ఎక్కినప్పటి నుంచి కృష్ణ మీద వారధి దాకా వింటాను, హైవే మీద ఆపేస్తాను, గుంటూరు ఊళ్లోకి వచ్చి బస్సు నెమ్మదించాక మళ్లీ. మధ్యలో కళ్లు మూసుకుంటున్నాను. రోజుకి గంట కథ తగ్గింది, ఒప్పుకున్నాను.

ఫోన్: ఫ్యాన్ కింద నిలబడితే అవతలివాళ్లకి గాలి హోరు వస్తోందట. పక్కకి జరిగితే చాలు.

బ్రాడీపేట ఆడియాలజీ

ఆ మోత మర్నాటికి పూర్తిగా పోయిందా? పోయి ఉంటే సరే. మళ్లీ వస్తే ఆగకుండా పరీక్షకి రండి.

పటమటలంక

ఆ రాత్రికే పోయింది మేడమ్, మళ్లీ రాలేదు.

యార్డు గుమస్తా

బండి మీద మానేశానన్నా. కారం విషయం కూడా చెప్పాలి అక్కా, మీకు కాకపోయినా యార్డువాళ్ల కోసం. దిమ్మల మీద కారం దుమ్ము పేరుకుంటుంది, చెమట పట్టగానే చెంప మండుతుంది. నేను మొదట అలర్జీ అనుకున్నా. ఇప్పుడు మధ్యాహ్నం ఒకసారి, ఇంటికెళ్లాక ఒకసారి తడిబట్టతో తుడిచి ఆరబెడుతున్నా, మంట లేదు.

మాస్టారు గుంటూరు

అమ్మా, పరీక్ష అయింది. ఎడమ చెవికి కర్ణభేరిలో పెద్ద చిల్లు ఉంది, లోపలి చెవి బాగుందట. శ్రుతిదండం చెవి ముందు పెడితే నాకు ఏమీ వినపడలేదు. చెవి వెనక ఎముకకి ఆనించగానే గుడి గంట మోగి ఆగిన తర్వాత మిగిలే నాదంలా వచ్చింది. ఆ చెవిలో అంత స్పష్టంగా విన్నది ఎప్పుడో గుర్తు లేదు. కుడి చెవి వయసుది, రెండు దారుల్లోనూ తక్కువే. కుడి చెవికి మిషన్ పెట్టమన్నారు, ఇంట్లో ఒప్పుకున్నారు. ఎడమ చెవికి ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామన్నారు.

మనవరాలితో మాట్లాడటానికి మా పక్కింటి కుర్రాడి హెడ్‌ఫోన్స్ అడిగి పెట్టుకున్నాను. దానికి ముందు పన్ను ఊడిందట, స కి బదులు త అంటోంది. నాకు ఇన్నాళ్లూ ఆ సంగతి తెలియదు. సొంతంగా ఒకటి కొనుక్కుంటాను.

లబ్బీపేట

కొత్తగా చేరాను, మొత్తం చదివాను. పటమటలంక గారూ, మా ఇంట్లో పెళ్లి పనులు. రోజంతా ఫోన్లే. బుట్టలు, మాటీలు పెట్టుకుని ఇవి కుదురుతాయా? కొప్పు ఉంటే?

పటమటలంక

బుట్టలకి ఇబ్బంది లేదండీ, అవి తమ్మెకి కింద వేలాడతాయి, దిమ్మ పైన ఉంటుంది. మాటీలతో మాత్రం కుదరదు. గొలుసు చెవి మీదుగా పోయే చోటే హెడ్‌ఫోన్స్ కొక్కెం కూడా కూర్చోవాలి. మా తోడికోడలి కూతురి నిశ్చితార్థంలో ప్రయత్నించాను, గొలుసు దిమ్మకి తగిలి ప్రతి మాటకీ గలగలమంది. జడ అయితే తీగ జడ మీదుగా పోతుంది, ఫర్వాలేదు. కొప్పు మెడ మీదకి వేస్తే నెట్టేస్తుంది, కాస్త పైకి వేసుకోండి. మాటీలు ముహూర్తానికి పెట్టుకుని, అప్పటిదాకా ఫోన్లు కానిచ్చెయ్యండి.